గంటన్నర ఆగిన నెత్తురు

రోజు 38, గురువారం

ఎర్రదుమ్ము రేపే ఎర్రగాలి మొదలై ఇవాళ్టికి ముప్ఫై ఎనిమిదో రోజు. డాక్టర్ తబస్సుమ్ ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, "ఎవరి నెత్తురు ఎప్పుడు తీశావు, ఎప్పుడు పంపావు, ఏం జవాబొచ్చింది, రోజూ రాయి వరహాలమ్మా" అంది. తీసేదాన్ని నేనే, గొట్టాలు కడిగేదాన్ని నేనే, సూదులు ఉడకబెట్టేదాన్ని నేనే. ఇప్పుడు రాసేదాన్ని కూడా నేనే అన్నమాట. సరే రాస్తాను గానీ నా రాత నా నోరులాగే ఉంటుంది, తర్వాత వంకలు పెట్టొద్దు అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఈ మధ్య ఆవిడ నవ్వడమే తక్కువ, కాబట్టి లాభమే.

ఇవాళ ఆరుగురు. అందరికీ రొప్పే. ఎర్రగాలితో వచ్చే ఊపిరి రోగం అది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతాయి, డొక్కలు ఎగిరెగిరి పడతాయి, ఒక్క మాట చెప్పడానికి మూడుసార్లు ఆగుతారు. పైకి అందరూ ఒక్కలాగే ఉంటారు. లోపల నెత్తురు మాత్రం రెండు రకాలు. మొదటిది మండే రకం. వీళ్ళకి రోగం చేసేదానికంటే ఒళ్ళు మండిపోయి తన ఊపిరితిత్తుల్ని తనే పాడుచేసుకునేది ఎక్కువ. తెల్ల మందు ఎక్కిస్తే ఆ మంట దిగి బతుకుతారు. రెండోది నెమ్మది రకం. వీళ్ళ ఒళ్ళు రోగంతో నిదానంగా పోరాడుతుంటుంది. వీళ్ళకి తెల్ల మందు ఎక్కించామా, ఆ పోరాటం కాస్తా ఆగిపోయి రోగం లోపలంతా పాకిపోతుంది. మందు ఇవ్వకుండా ముక్కుకి గాలిగొట్టం పెట్టి ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటే చాలామంది లేచి కూర్చుంటారు.

ఎవరు ఏ రకమో డాక్టరమ్మ కళ్ళకీ తెలీదు, నా చేతికీ తెలీదు. అవతలి గట్టు మీదున్న యంత్రానికే తెలుసు. నెత్తురులో చక్కెర ఎంతుంది, పులుపు ఎంతుంది, ఇంకా నోరు తిరగని పేర్లవి ఓ వంద చూసి, మా గదిలో ఉన్న మాట్లాడే పెట్టెలోంచి జవాబు చెబుతుంది. మా ఆసుపత్రిలో అందరికంటే మర్యాదగా మాట్లాడేది అదే. "దయచేసి నమోదు చేసుకోండి" అంటుంది.

ఇంటికెళ్ళేసరికి తవిటమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది, వడపోత గుడ్డలు బకెట్లో అలాగే నానుతున్నాయి. తవిటమ్మ నా తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ కింద ఉప్పు మడుల పనికి పోయారు, ఎర్రగాలి తగ్గితే గానీ పైకి రారు. ఇంట్లో మేమిద్దరమే.

"ఇవాళ నీ వంతు కదే" అన్నాను.

"నా వంతేలే అక్కా. నువ్వొచ్చి ఓసారి తిడితే గానీ నాకు చేతులు ఆడవు" అంది.

తిట్టాను. లేచి ఉతికింది. ఇద్దరం కలిసి తలుపు తెరకి ఆరేశాం. గంటలో తెల్లగుడ్డలన్నీ ఇటుక రంగుకి తిరిగాయి.

రోజు 40, శనివారం

ఏడో మంచం ముసలాయన పోయాడు. మండే రకమని జవాబొచ్చిన గంటలోపే తెల్ల మందు మొదలుపెట్టాం. అంతా పద్ధతి ప్రకారమే చేశాం. మూడో రోజుకి పోయాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే నిలబడింది. నీళ్ళు వృథా అని నేనే వెళ్ళి కట్టాల్సొచ్చింది. "పోయినేడు మండే రకంలో పదిమందికి ఒకరు పోయారు వరహాలమ్మా. ఈ ఏడు ఎనభై ఎనిమిదిమందికి ఇరవై ఒకరు. మందు అదే, చేతులు అవే. ఈ ఏటి గాలిలో ఏదో తేడా ఉంది" అంది.

గాలి సంగతి నాకేం తెలుసు. నాకు తెలిసిందల్లా సూది గుచ్చడం.

ఇవాళ్టి గొట్టాలు: ఎనిమిదిన్నరకి రెండు, తొమ్మిదింబావుకి ఒకటి, పదకొండుకి మూడు. తొమ్మిదింబావుది పదిన్నర దాకా బల్ల మీదే ఉంది, రాహుకాలం కదా. ఇది రాయాలో అక్కర్లేదో తెలీదు గానీ డాక్టరమ్మ అన్నీ రాయమంది, రాశాను.

ఈ పుస్తకం రేపెవరైనా చదివితే తెలియాలి కాబట్టి చెబుతున్నాను. పోయిన ఎర్రగాలిలో యంత్రం మా పక్కగదిలోనే ఉండేది. గొట్టం తీసి నాలుగడుగులు వేసి పెట్టేదాన్ని. కరెంటు చాలక కార్తీకంలో దాన్ని గాలిమరలున్న అవతలి గట్టుకి మార్చారు. అక్కడ మనిషి ఉండలేడు, గాలి అంత ఘోరం. మధ్యలో లోయ. తాడు మీద పెట్టె వెళ్ళి వస్తుంది. చక్రం తిప్పేది సూరప్పడు మావ. తాడు వేసిన కొత్తలో ఆయన తమ్ముడు ఎర్రయ్య కప్పీకి జిడ్డు పూయడానికి ఎక్కి, జారి లోయలో పడి చచ్చిపోయాడు. బుధవారం, మిట్టమధ్యాహ్నం, రాహుకాలంలో. ఆ రోజు నుంచి మావ రాహుకాలంలో చక్రం ముట్టడు. గంటన్నర తాడు ఆగుతుంది, తర్వాత నడుస్తుంది. ఎవరూ కాదనలేదు. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఏ రోజు ఏ వేళో మరిచిపోకుండా గోడ మీద సున్నంతో రాసి పెట్టింది కూడా నేనే.

రోజు 43, మంగళవారం

డాక్టరమ్మ నన్ను ఊరి మీదికి తోలింది. పోయిన ఇరవై ఒక్కమంది ఏం తిన్నారు, ఏ బావి నీళ్ళు తాగారు, ఏ వీధిలో ఉన్నారు, అన్నీ అడిగి రమ్మంది. ముక్కుతొడుగు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఏడుస్తున్న వాళ్ళ ముందు కూర్చుని "మీ ఆయన తరవాణి తాగేవాడా" అని అడగడం ఎంత సిగ్గుచేటో అడిగితే తెలుస్తుంది. గంజి పులియబెట్టిన ఆ తరవాణి వల్ల నెత్తురులో పులుపు పెరిగిందేమోనని నాకు మహా గొప్ప అనుమానం వచ్చింది మరి. తీరా చూస్తే ఊరంతా తరవాణే తాగుతుంది. బతికినవాళ్ళూ తాగారు. నేనూ పొద్దున్నే చెంబెడు తాగొచ్చాను.

తవిటమ్మకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే అక్కా, నీ నెత్తురులో పులుపు ఎప్పట్నించో ఉంది. నీ మాటలు వింటే తెలీడం లేదా" అంది. ఎంత గయ్యాళిని కట్టబెట్టారో మా మరిదికి.

బావులు వేరు, వీధులు వేరు, వయసులు వేరు. ఒక్కటీ కలవలేదు.

రోజు 45, గురువారం

ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. అయినా రాస్తాను.

గొట్టాల మీది చీటీలన్నీ జవాబొచ్చాక ఇనుప ఊచకి గుచ్చుతాను. చీటీ మీద పేరు, వారం, తీసిన వేళ ఉంటాయి. ఇవాళ పోయినవాళ్ళ చీటీలు ఏరి పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. సోమవారం ఏడూ నలభై. బుధవారం పన్నెండుంబావు. మంగళవారం మూడూ పది. శుక్రవారం పదీ ముప్ఫై అయిదు. ఆదివారం నాలుగూ నలభై. ఏ రెండూ ఒక వేళవి కావు, ఇందులో ఏముంది చూడ్డానికి అనుకుంటున్నాను. అప్పుడే బయట నుంచి సూరప్పడు మావ కేకేశాడు.

"కోడలా, రాహుకాలం ఎల్లిపోనాది. పెట్టె తే!"

తలెత్తి గోడ మీద నా చేతి సున్నం రాత చూశాను. మళ్ళీ చీటీలు చూశాను. ఒక్కొక్కటే ఆ రాతతో సరిచూశాను.

ఇరవై ఒకరిలో పదకొండుమంది నెత్తురు రాహుకాలంలో తీసినవే. పదకొండు! రాహుకాలం రోజుకో వేళకి మారుతుంది కాబట్టే వాళ్ళ వేళలు ఒక్కటీ కలవనట్టు కనిపించాయి.

నేను చదువుకున్నదాన్ని కాదు గానీ పని నేర్పినావిడ చెప్పింది ఇప్పుడు గుర్తొస్తోంది. గొట్టంలో పడ్డాక కూడా నెత్తురు బతికే ఉంటుందే, చక్కెర తింటూ పులుపు వదులుతూ ఉంటుంది, అరగంటలో పరీక్షకి పెట్టాలి అనేది. యంత్రం పక్కగదిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాటతో పనిపడలేదు, మరిచిపోయాను. ఇప్పుడు రేకు కప్పు కింద, పడమటి కిటికీ పక్కన, పొయ్యిలాంటి బల్ల మీద గంటన్నర. అవతల యంత్రానికి కనిపించేది తక్కువ చక్కెర, ఎక్కువ పులుపు. మండే రకమనక ఏమంటుంది? నెమ్మది రకం మనుషులకి మనం తెల్ల మందు ఎక్కిస్తున్నాం.

ఇదంతా నా ఊహే అయితే బాగుండునని ఎంత అనుకున్నానో. రేపు చూస్తాను.

రోజు 46, శుక్రవారం

పదీ ఇరవైకి నా నెత్తురు నేనే తీసుకున్నాను, రెండు గొట్టాలు. ఒకటి వెంటనే పెట్టెలో పెట్టి పంపాను. రెండోది బల్ల మీద ఉంచాను. పదిన్నరకి మావ చక్రానికి గొలుసు వేసి బీడీ ముట్టించాడు. పన్నెండుకి రెండోది పంపాను.

మొదటిదానికి జవాబు: "ఆరోగ్యవంతులు. దయచేసి నమోదు చేసుకోండి."

రెండోదానికి: "మండే రకం. రోగిని పడుకోబెట్టండి. తెల్ల మందు ఆలస్యం చేయవద్దు."

నేను నిలబడే విన్నాను. నవ్వొచ్చింది. రెండు జవాబులూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను.

డాక్టరమ్మకి చెప్పాలి. గది దాకా వెళ్ళాను. మూడో మంచం పిల్లకి ఊపిరి తెప్పించాలని గుండెల మీద నొక్కుతూ ఉంది ఆవిడ. తలుపు దగ్గర నిలబడి వెనక్కొచ్చేశాను. ఇంకోసారి చూసి నిక్కచ్చిగా తేల్చుకుని చెబుతాను. ఒక్కసారి చూసినదానికే ఊరంతా గగ్గోలు చేస్తే, రేపు తప్పని తేలితే?

ఇలా రాస్తున్నాను గానీ నిజం అది కాదు. చెబితే ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ నా గుమ్మం ముందుకొస్తారు. బల్ల నాది, గొట్టం నాది, గోడ మీద రాత నాది. సూరప్పడు మావ ముఖం ఎలా చూడను? తమ్ముడి కోసం ఆయన పెట్టుకున్న నియమం పదకొండుమందిని తీసుకుపోయిందని ఏ నోటితో చెప్పను? నాకు భయం వేస్తోంది. అంతే.

రోజు 47, శనివారం

తొమ్మిదీ పదికి కామేశుని మోసుకొచ్చారు. ఇంటింటికీ వడపోత గుడ్డలు బిగించేవాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. భార్య జమున మంచం పట్టీ పట్టుకుని, "అక్కా, నిన్న సాయంత్రం కూడా బానే ఉన్నాడు, అన్నం తిన్నాడు" అని చెప్పిందే చెబుతోంది. నెత్తురు తీశాను. రాహుకాలం పదిన్నర దాకా.

గొట్టానికి తడిగుడ్డ చుట్టాను. బల్లని కిటికీ దగ్గర్నుంచి నీడకి జరిపాను. చల్లగా ఉంటే నెత్తురు మారదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో. ఆ గదిలో తడిగుడ్డ పావుగంటలో ఆరిపోతుందని నాకు తెలీదా? రోజూ ఆరేసేదాన్ని!

పదకొండు దాటాక జవాబు: మండే రకం. డాక్టరమ్మ మందు మొదలుపెట్టింది. సీసా అందించింది నేనే.

రోజు 49, సోమవారం

కామేశు పొద్దున్న పోయాడు.

జమున ఏడవలేదు. వాడి ముక్కుతొడుగు చేత్తో దులిపి, మడిచి, నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది.

నా నెత్తురుతో ఇంకోసారి చూశాను, ఈసారి తడిగుడ్డ చుట్టి. జవాబు మారలేదు. రేపు చెబుతాను. డాక్టరమ్మ రెండు రోజుల తర్వాత ఇప్పుడే కుర్చీలో కునుకు తీస్తోంది, లేపబుద్ధి కాలేదు. రేపు పొద్దున్నే ఖాయంగా చెబుతాను.

రోజు 50, మంగళవారం

పొద్దున్న చెప్పలేదు.

మూడింటికి అయిదు నిమిషాలుండగా బయట ఎవరో "వరాలక్కా, మీ తోడికోడలు!" అని అరిచారు. గుడ్డలు ఉతికే రాయి దగ్గర పడిపోయిందట. ఇద్దరు మగాళ్ళు దుప్పట్లో వేసుకొచ్చారు. తవిటమ్మ పెదాలు నేరేడు రంగు. నన్ను చూసి నవ్వబోయి ఊపిరందక ఆగిపోయింది. "తిట్టు అక్కా, ఇవాళ కూడా... ఉతకలేదు" అంది, మూడుసార్లు ఆగి.

మొదటి గుచ్చుకి నరం తప్పింది. ఇరవై రెండేళ్ళుగా సూది పట్టుకుంటున్నాను, ఎన్నడూ తప్పలేదు. రెండోసారికి నరం దొరికింది. మూడూ అయిదు.

పెట్టె తీసుకుని పరిగెత్తాను. మావ అప్పటికే గొలుసు వేసేశాడు.

"మావా, గొలుసు తియ్యి."

"ఏటి కోడలా, ఏళ ఎరగవా? నాలుగున్నర దాకా కాదు."

"నీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యి. ఆగితే ఇది మారిపోతుంది. నెత్తురు మారిపోతుంది మావా! ఇన్నాళ్ళూ మారింది. మనమే చంపాం!"

ఆయన నోట్లో బీడీ కింద పడింది. వెనకనుంచి డాక్టరమ్మ వచ్చింది. నా అరుపులు వార్డు దాకా వినపడ్డాయట. అక్కడే, తాడు గట్టు మీద, ఎర్రదుమ్ములో నిలబడి అంతా చెప్పాను. చీటీలు, పదకొండు, నా నెత్తురు, రెండు జవాబులు.

ఆవిడ మధ్యలో ఆపలేదు. చివరికి ఒక్కటే అడిగింది. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"శుక్రవారం నుంచి."

నా చేతిలోని పెట్టె మూత తీసి గొట్టం చూసింది. తిట్టలేదు. "సగం నెత్తురు ఇంకో గొట్టంలో పోసి బల్ల మీద పెట్టు. సగం ఇప్పుడే పంపు. జవాబు వచ్చేదాకా మందు మొదలుపెట్టను" అంది.

మావ చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "ఈ తాడు నా తమ్ముణ్ణి మింగీసినాది డాక్టరమ్మా. ఈ ఏళలోనే. నా సెయ్యి రాదు, నన్ను సంపినా రాదు."

"నీ చెయ్యి అక్కర్లేదు, నేను తిప్పుతాను. నువ్వు అటు తిరుగు" అన్నాను. గొలుసు తీశాను. ఆ చక్రం మగవాడికే బరువు. నాలుగు చుట్లకి నా చేతులు పట్టు తప్పాయి, పెట్టె లోయ మీద ఊగిసలాడుతూ వెనక్కి జారింది. అది చూడలేకపోయాడు. "అలాక్కాదే, అలాక్కాదే తల్లీ, తాడు తెగిపోద్ది" అంటూ వచ్చి నా చేతుల మీద చేతులేశాడు. ఇద్దరం తిప్పాం. కళ్ళు గట్టిగా మూసుకునే తిప్పాడు మావ.

మూడూ నలభైకి జవాబు: "నెమ్మది రకం. తెల్ల మందు ఇవ్వరాదు. దయచేసి నమోదు చేసుకోండి."

బల్ల మీది సగం నాలుగున్నర దాకా ఉంచి పంపాం. మండే రకం.

డాక్టరమ్మ రెండు జవాబులూ విని లేచి, నిన్న సోమవారం ఏడున్నర తర్వాత, రాహుకాలంలో నెత్తురు తీసిన రెండో మంచం ఆయనకి ఎక్కుతున్న మందు ఆపేసింది.

రోజు 54, శనివారం

ఇవాళ తొమ్మిదింటి రాహుకాలంలో కూడా తాడు నడిచింది. మావ వచ్చాడు, తిప్పాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరెవరు పోయారని నన్ను అడగలేదు. "అడగాలనిపిస్తే నానే అడుగుతాను, నువ్వు సెప్పకు" అన్నాడు ఒకసారి. గోడ మీది సున్నం రాత గీకేశాను.

రెండో మంచం ఆయన బతికాడు. తవిటమ్మకి నిన్న గాలిగొట్టం తీశారు. దిండుకి ఆనుకుని గంజి తాగింది. నాకు దాన్ని చూస్తుంటే కళ్ళ నీళ్ళు ఆగడం లేదు. రోజూ తిట్టుకునే మనిషి మీద ఇంత ప్రేముందని నాకే తెలీదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని దువ్వుతున్నాను.

"అక్కా" అంది. "డాక్టరమ్మ చెప్పింది. నువ్వు చక్రం తిప్పావటగా. నీ చేతులు చూపించు."

చూపించాను. బొబ్బలు. వాటిని వేలితో ముట్టుకుని చూసింది. 

"శుక్రవారమే తెలుసటగా నీకు."

"ఊఁ."

"నేను మంగళవారం పడిపోకపోతే ఎప్పుడు చెప్పేదానివి?"

 బుధవారం చెప్పేదాన్ని అని నోటిదాకా వచ్చింది. పొద్దున్న లేచి మళ్ళీ రేపు అనుకునేదాన్నేమో. నాకు తెలీదు. ఆ మాటే అన్నాను.

"కామేశు మన తలుపు గుడ్డ బిగించాడు" అంది తవిటమ్మ. "మంచినీళ్ళు ఇస్తే, వదినా అని తీసుకున్నాడు. శనివారం వాడి కోసం చక్రం తిప్పలేదు కదా నువ్వు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. అటు తిరిగి పడుకుంది. దాని జుట్టు సగం దువ్వి వదిలేశాను.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. రాహుకాలంలో తీసిన గొట్టాలన్నీ లెక్క తేలాయి, పంతొమ్మిది. పోయినవాళ్ళు కామేశుతో కలిపి పన్నెండుమంది. వచ్చే వారం ఊరి సభలో పేర్లన్నీ చదివి, తప్పు ఆసుపత్రిదని చెబుతానంది. "నీ ఒక్కదానిదే కాదు. అరగంట నియమం నేనూ అడగాల్సింది, అడగలేదు" అంది.

"పదకొండు సరే డాక్టరమ్మా. అప్పటికి మనకి తెలీదు. పన్నెండోది నాది. జమునకి సభలో వినపడకూడదు. నేను వెళ్ళి చెబుతాను" అన్నాను.

"ఈ పుస్తకం తీసుకెళ్తావా?"

"అక్కర్లేదు, అంతా గుర్తుంది" అన్నాను.

రోజు 55, ఆదివారం

వెళ్ళాను.

జమున తలుపు తెరకి నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి పీట వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు తాగలేదు, గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. వచ్చేదారిలో ఎన్ని రకాలుగానో కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. కామేశు నెత్తురు గంటన్నర నా బల్ల మీద ఉందని చెప్పాను. అందువల్ల జవాబు తప్పొచ్చిందని చెప్పాను. ఇవ్వకూడని మందు ఇచ్చామని చెప్పాను. మందు సీసా నేనే అందించానని కూడా చెప్పాను.

జమున చెంబులో మిగిలిన నీళ్ళు తెర మీద చల్లి నా వైపు తిరిగింది.

"మందు ఇవ్వకపోతే బతికేవాడా?"

"ఖాయంగా చెప్పలేను. నెమ్మది రకమో కాదో సరిగ్గా చూడలేదు కాబట్టి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. చాలామంది బతుకుతారు. తవిటమ్మ బతికింది."

"ఆ రోజు, నువ్వు సూది గుచ్చినప్పుడు, నీకు అనుమానం ఉందా?"

"అనుమానం కాదు జమునా. తెలుసు. ముందురోజే నా నెత్తురుతో చూసుకున్నాను. భయపడి ఎవరికీ చెప్పలేదు."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూర్చున్నాను. చెంబు కింద పెట్టి, తడిచేతులు చీరకి తుడుచుకుంది. నా వైపు చూడకుండా లోపలి గది తెర పక్కకి లాగింది. లోపల చాప మీద కామేశు తల్లి కూర్చుని ఉంది, కొడుకు చొక్కా ఒకటి మోకాళ్ళ మీద పరుచుకుని.

"రా" అంది జమున. "ఆయన్ని సరిగ్గా చూసుకోలేదని, వేళకి అన్నం పెట్టలేదని అత్త పొద్దస్తమానం నన్నే అంటోంది. నేను చెబితే నమ్మదు. నాకు చెప్పిందంతా చెప్పు, ఏదీ వదలకుండా."

లేచాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అంది. "ఆవిడకి చెవులు సరిగా వినపడవు. గట్టిగా చెప్పాలి."

ఆవిడ ముందు కూర్చుని గట్టిగా చెప్పాను. పక్కింటివాళ్ళ మాటలు ఆగిపోయాయి, వీధిలో నడుస్తున్న అడుగులు ఆగిపోయాయి. ఆవిడ చెవికి అరచెయ్యి ఆనించి, "ఏటమ్మా, ఏటంతన్నావు?" అంది.

మళ్ళీ మొదట్నించి, ఇంకా గట్టిగా చెప్పాను.